బొటనవేలి శాస్త్రం

మా వీధిలో వైద్యుడు నాడి పట్టినట్టు బండి టైరు పట్టే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. అందరం బాబాయ్ గారూ అంటాం. ముందు చెప్పుకాలితో వెనక టైరును ఒక తన్ను. తర్వాత నడుం పట్టుకుని వంగి, బొటనవేలితో ఒక నొక్కు. ఆపైన తీర్పు: "రాయిలా ఉంది నాయనా, ఇంకేం కావాలి?"

మొన్న తెల్లారి, ఆయన బండి ఇంకా వీధి ముఖం చూడకముందే గేజీ పెట్టాను. ఆ రాయిలో ఉన్నది 17 పీఎస్‌ఐ. చైన్ కవరు మీద ఆరేళ్ల బురద గీకితే కంపెనీ వాడి స్టిక్కరు బయటపడింది: ఒక్కరెక్కితే ముందు 25, వెనక 29. చూపించాను.

"మీటర్లు చైనావి నాయనా. వేలు మనది."

స్వదేశీ వేలితో వాదించలేం. టైరు పక్క గోడ 17 దగ్గరా గట్టిగానే ఉంటుంది, 29 దగ్గరా గట్టిగానే ఉంటుంది. గాలి తక్కువైతే ఆ గోడ చుట్టుచుట్టుకీ మడతపడి లోలోపల కాగుతుంది. బొటనవేలికి ఆ కబురు అందదు.

పెట్రోలు బంకులో గాలి ఉచితం. జ్ఞానం కూడా అంతే ఉచితం. "ఎంత సార్?" అంటాడు కుర్రాడు. "ముప్పై నలభై కొట్టెయ్" అంటాం. మోపెడ్‌కీ అదే, బుల్లెట్‌కీ అదే. ఉప్మాకీ పెళ్లి సాంబారుకీ ఒకే గరిటె ఉప్పు! పైగా ఎండలో ఐదు కిలోమీటర్లు తోలుకెళ్లి, వేడెక్కి ఉబ్బిన టైరుకు కొలత. కొందరు డబ్బిచ్చి నైట్రోజన్ కొట్టిస్తారు. ఊరికే వచ్చే గాలిలోనూ 78 శాతం అదేనని చెబితే నొచ్చుకుంటారు.

ఇక అరుగుదల. బాబాయ్ గారి వెనక టైరు అచ్చం ఆయన తలే: నడినెత్తి నున్నగా, పక్కల జుట్టు. మొన్నమొన్నటి దాకా అది ముప్పై నలభై సంప్రదాయపు టైరే. గాలి ఎక్కువైతే నడుమే నేల మీద ఆని, నడుమే అరుగుతుంది. ముందు టైరు మీద అరచెయ్యి ఒకవైపు తోస్తే నున్నగా పోతుంది, వెనక్కి లాగితే రంపంలా గీరుకుంటుంది. గాలి తక్కువైనా, షాకబ్జార్బర్లు పోయినా అలా పళ్లు వస్తాయి.

"అది గ్రిప్పు నాయనా!"

టైరు పక్కన టీడబ్ల్యూఐ అని చిన్న అక్షరాలుంటాయి. దానికి ఎదురుగా గాడిలోకి చూస్తే చిన్న రబ్బరు గట్టు. టైరు అరిగి ఆ గట్టుతో సమానమైతే దాని ఆయుష్షు తీరినట్టే. ద్విచక్ర వాహనానికి ఆ గట్టు ఎత్తు 0.8 మిల్లీమీటరు. బాబాయ్ గారి కొలమానం ఇంకా ఉదారం: "ట్యూబు కనబడలేదుగా!"

ఆయన టైరును కళ్లారా చూసేది ఏడాదికొక్కసారి, ఆయుధ పూజ నాడు. అప్పుడైనా ఆ అక్షరాలు చూస్తారనుకున్నాను. సరిగ్గా వాటి మీదే పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి బండి తోశారు. మెత్తటి టైరు దాన్ని కావిలించుకున్నట్టు కాస్త సొట్టపడి, దాటేసింది. కాయ పగల్లేదు.

బాబాయ్ గారు వంగి, కాయను తీసి, బొటనవేలితో నొక్కి చూశారు.

"ఈ ఏడు కాయలు గట్టివి నాయనా."