స్టూలు కాస్తా పీట అయ్యాక

చెరకు చేను గట్టున సొంత చేతులతో ఒక చెక్క గది కట్టుకోవాలన్న కోరిక మంచిదే. పంట కాపలాకు మంచె వేసుకున్న జాతి మనది. కాకపోతే ఆ కోరిక పుట్టిన మనిషి నిజామాబాద్‌లో సా మిల్లుకు పోయి మొదట దూలాల ధర అడుగుతాడు. అడగాల్సింది ఒక స్టూలుకు సరిపడా ముక్క చెక్క. స్టూలు చేయబోతే ఒక కాలు పొట్టిదవుతుంది. మిగతా మూడింటినీ దానికి సమానంగా కోస్తే ఈసారి ఇంకొకటి పొట్టిదవుతుంది. అలా సరిచేసుకుంటూ పోతే స్టూలుగా మొదలైంది భోజనాల పీటగా తేలుతుంది. నష్టం లేదు, దాని మీద కూర్చుని తినొచ్చు. గది స్తంభాల మీద ఇదే విద్య చూపిస్తే మాత్రం లోపలికి పాకుతూ పోవాలి.

చేతివాటం ఒక్కటే కాదు, చెక్క స్వభావమూ తెలియాలి. చెక్క కోసినా చావదు. గాలిలో తేమ పెరిగితే అడ్డంగా ఉబ్బుతుంది, నిలువునా దాదాపు కదలదు. మే నెల ఎండలో గాలి దూరకుండా బిగించిన తలుపు శ్రావణంలో యజమానినే బయట నిలబెడుతుంది. పైగా చుట్టూ నీళ్లు పారే చేను. నేలలో నాటిన చెరకు ముచ్చెల్నే వదలని చెదలు, నేలను తాకే మీ గుంజను గౌరవించి వదిలేస్తాయా? ఈ పాఠం పీట నేర్పితే పోయేది ఒక పలక. గది నేర్పితే పోయేది పంట డబ్బు.

అమెరికాలో రచయిత థోరో 1845లో అరువు గొడ్డలితో వాల్డెన్ చెరువు ఒడ్డున గది కట్టుకోలేదా, లెక్కకు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లేగా అయ్యింది అని చదువుకున్నవాళ్లు అడ్డుపడతారు. నిజమే. కానీ అంతకు ముందటేడే ఆయన తండ్రితో కలిసి ఒక ఇల్లు కట్టాడు. ఇంట్లో వ్యాపారం పెన్సిళ్లు, అంటే అదీ చెక్క పనే. గది చట్రం నిలబెట్టేరోజు స్నేహితుల్ని పిలిచాడు కూడా. మనవాళ్లు ఆయన పుస్తకంలో ఏకాంతం ఒక్కటే పట్టుకున్నారు.

అంత దూరం ఎందుకు, బోధన్‌నే చూడండి. మంజీర మీద నిజాంసాగర్ 1931కి పూర్తయితే, అక్కడి శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది 1937లో. ముందు నీళ్లు, తర్వాత గానుగ. 2015లో అది మూతపడింది కదా అంటారేమో. పడింది, కానీ వరస తప్పి కట్టినందుకు కాదు.

ఇక వడ్లాయన ఉండగా మనకెందుకు ఈ తంటా అనే మాట. ఇందులో పస ఉంది. ఆయన పొట్ట కొట్టమని నేనూ అనను. గదికి ఆయన్నే పిలవండి, పక్కన మీరు చెక్క పట్టుకోండి. చిత్రిక ఒకసారైనా పట్టినవాడికి కూలి దగ్గర బేరమాడటానికి నోరు రాదు, అదొక లాభం. ఫోన్‌లో వీడియోలు చూశాంగా అనేవాళ్లు మాత్రం ఒక పని చేయాలి. తాము చేసిన స్టూలు మీద వడ్లాయనను కూర్చోమనాలి. ఆయన దాని కాళ్ల వంక చూసి, ఫర్వాలేదు, నిలబడే ఉంటానంటే, గది సంగతి వచ్చే ఎండాకాలం చూసుకోవచ్చు.