ఎనిమిదేసి జీబీల పద్యానికి టీకా తాత్పర్యం

మూలము (ఆటవెలది)

ఎనిమిదేసి జీబి యిద్దరి కొకటైన
దారి వేరు వేరు ధరలు వేరు
గూటిలోన బొమ్మ కుదురక పోవంగ
బొమ్మ కోసి గూట బుజ్జగించె

ప్రతిపదార్థము

ఎనిమిదేసి జీబి = చెరి 8 జీబీల మెమరీ; ఇద్దరికిన్ = 2013 నవంబరులో వారం తేడాతో అంగడికెక్కిన ఆటపెట్టెలు సోనీవారి ప్లేస్టేషన్ 4, మైక్రోసాఫ్ట్‌వారి ఎక్స్‌బాక్స్ వన్‌లకు; ఒకటైనన్ = సమానమే అయినను; దారి = మెమరీకీ ప్రాసెసరుకూ నడుమ రాకపోకల మార్గము; వేరు వేరు = మొదటిదానికి సెకనుకు 176 జీబీ, రెండవదానికి 68 జీబీ; ధరలు వేరు = మొదటిదాని జీడీడీఆర్5 మెమరీ ప్రియము, రెండవదాని డీడీఆర్3 చవక; గూటిలోనన్ = ఎక్స్‌బాక్స్ ప్రాసెసరులోనే అమర్చిన వేగమైన 32 ఎంబీల ఈఎస్‌ర్యామ్‌లో; బొమ్మ = తెరమీది దృశ్యము; కుదురక పోవంగన్ = ఇమడకపోగా; కోసి = పిక్సెళ్లు తగ్గించి; గూటన్ = ఆ గూటిలోనే; బుజ్జగించెన్ = ఎలాగో సర్దెను. కర్త కనబడడు. ఆట రాసే ప్రోగ్రామరని అధ్యాహార్యము. చాకిరీ అతనిదే గనుక పేరు చెప్పనక్కరలేదని కవి హృదయము.

తాత్పర్యము

మెమరీ ఎంత ఉందన్నది ఒక లెక్క, అందులోంచి సరుకు ఎంత వేగంగా చేతికొస్తుందన్నది ఇంకో లెక్క. అట్టమీద అచ్చయ్యేది మొదటిదే.

విశేషములు

మైక్రోసాఫ్ట్‌వారికి తెలివి చాలక చవక మెమరీ పెట్టారని కొందరందురు. అది పొసగదు. ఆట, టీవీ, యాప్‌లు ఒకేసారి నడవాలంటే 8 జీబీ తప్పదని వారు ముందే తేల్చుకున్నారు. జీడీడీఆర్5లో అంత సమకూరుతుందన్న భరోసా అప్పటికి లేదు. సోనీకి మాత్రం 512 ఎంబీ చిప్పులు వేళకు అందాయి. 16 పేర్చితే 8 జీబీ. అదృష్టమనుకోండి, మొండితనమనుకోండి. గూడు ఆలోచన సోనీ శిల్పి మార్క్ సెర్నీకీ వచ్చిందట. దాన్ని వాడుకోవడం నేర్చేసరికి ప్రోగ్రామర్లకు ఏళ్లు పడతాయని మానుకున్నాడు.

ఇక గూటి కొలత. 1920 × 1080 పిక్సెళ్లు, పిక్సెలుకు 4 బైట్లు: ఒక పొర దాదాపు 8 ఎంబీ. వెలుగునీడల లెక్కకు రంగు, లోతు, ఉపరితలపు వాలు వగైరా అయిదు పొరలు పెట్టుకున్నారా, 40 ఎంబీ. గూడు 32! అదే 1280 × 720 అయితే అయిదు పొరలూ 18 ఎంబీలో సర్దుకుంటాయి. ‘కాల్ ఆఫ్ డ్యూటీ: ఘోస్ట్స్’ ప్లేస్టేషన్‌లో 1080 గీతలతో, ఎక్స్‌బాక్స్‌లో 720 గీతలతో వచ్చింది. నేరమంతా గూటిదే కాదు, బొమ్మ గీసే యూనిట్ల కొరతదీ. అయితే ఈ మెమరీలో బిట్టుకు ఆరు ట్రాన్సిస్టర్లు; 32 ఎంబీకి 160 కోట్లు. ప్రాసెసరు మొత్తం 500 కోట్లు. ఇంత స్థలం గూడు మింగితే ఆ యూనిట్లకు చోటేదీ? ప్లేస్టేషన్‌లో 18, ఎక్స్‌బాక్స్‌లో 12.

‘ధరలు వేరు’కు శ్లేష కలదు. ప్రియమైన మెమరీ పెట్టినది 399 డాలర్లు, చవకది 499. తేడా కైనెక్ట్ కెమెరా పుణ్యం.

2017లో ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్ వచ్చింది: 12 జీబీల జీడీడీఆర్5, సెకనుకు 326 జీబీ. గూడు కట్టినవారే పీకేశారు.