అప్పు పేర్ల సముద్రం

బెంగాల్‌లోని దీఘా సముద్రానికి ఒక జబ్బుంది. దాన్ని ఉత్త దీఘా అని పిలిస్తే ఎవరికీ తనివి తీరదు.

ఈ జబ్బు అంటించినవాడు వారెన్ హేస్టింగ్స్ దొర. 1780లో భార్యకు రాసిన ఉత్తరంలో ఆ తీరాన్ని, తమ దేశపు తీరపట్నం పేరుతో, తూర్పుదేశపు బ్రైటన్ అన్నాడని చెబుతారు. ఆయన ముచ్చటపడ్డ పాత ఊరు బీర్కుల్‌ను సముద్రం మింగేసినా బిరుదు మాత్రం ఒడ్డునే మిగిలింది. తర్వాత ముఖ్యమంత్రి హోదాలో మమతా బెనర్జీ గారు దీన్ని గోవా చేస్తామన్నారు. 2025 ఏప్రిల్ 30న, అక్షయ తృతీయ నాడు, పూరీ గుడి నమూనాలో సుమారు 250 కోట్లతో కట్టిన ఆలయం తెరిచి ‘జగన్నాథ ధామ్’ అన్నారు. అసలు ధామం ఉన్న ఒడిశా ఊరుకుంటుందా? ఆ పేరు వాడొద్దంది. మొత్తానికి పొద్దున్న పూరీ, మధ్యాహ్నం బ్రైటన్, చీకటి పడితే గోవా. దీఘాకు దీఘాగా ఉండే తీరికేదీ?

మా ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ తెలుగువాళ్లకు దీఘా అంటే నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ఆదివారం. పులిహోర డబ్బా, తువ్వాళ్లు, వాంతులొస్తే పట్టడానికి కవర్లు సర్దుకుని తెల్లారకుండా బయల్దేరతాం. న్యూ దీఘాలో దిగగానే సముద్రం చూస్తామా? అబ్బే! ముందు అమరావతి పార్కు. ఆంధ్రావాళ్లు 2015లో తమ అమరావతికి శంకుస్థాపన చేసి ఇంకా కడుతూనే ఉన్నారు. ఇక్కడి అమరావతిలో చెరువు, పడవలు, రోప్‌వే అన్నీ ఎప్పుడో సిద్ధం. శ్రీకాకుళం చుట్టాలకు ఫోన్ చేసి మరీ చెప్పుకుంటాం.

తర్వాత అక్వేరియం. సముద్రానికి వీపు తిప్పి, అద్దాల వెనక చేపల్ని చూసే చోటు. బయటికొస్తే వాటి చుట్టాలు బాణలిలో వేగుతుంటాయి. ఆపైన సైన్స్ సెంటర్. పొద్దు వాలాక ఏ పిల్లాడో “సముద్రమేదీ?” అంటాడు. పాపం, అది పొద్దుట్నుంచీ సరుగుడు చెట్ల అవతలే ఉంది.

తీరా కాళ్లు తడిశాక మా పెద్దమ్మ తీర్పు చెబుతుంది: “ఎంతైనా మన భీమిలి ముందు ఇదేపాటిది!” ఆవిడ భీమిలి వదిలి యాభై ఏళ్లు. హేస్టింగ్స్ దొరకూ మా పెద్దమ్మకూ తేడా ఉత్తరం రాయకపోవడమే.

ఈ పేర్లన్నీ ఊడబీకినా దీఘాలో ఒక్క అల తగ్గదు. నమ్మకం లేకపోతే మా ఖరగ్‌పూర్ స్టేషనుకు రండి. మా ప్లాట్‌ఫారం 1072.5 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైనదని తరాలపాటు చుట్టాల దగ్గర గొప్పలు పోయాం. 2013లో గోరఖ్‌పూర్ ఆ బిరుదు లాక్కుంది. 2023లో హుబ్బళ్లి దాని దగ్గర్నుంచి లాక్కుంది. సామాను నెత్తిన పెట్టుకుని చివరి పెట్టె కోసం పరిగెత్తేవాడికి మాత్రం ఇప్పటికీ ఒక్క మీటరు తగ్గలేదు.