కార్డు ఉందన్న ధీమా

కొడుక్కి 25 ఏళ్లు నిండితే మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కింద నాకున్న కార్డు వాడికి పనిచేయదని నాకు ముందే తెలుసు. తెలిసి కూడా ఊరుకున్నాను. తెలియక చేసిన తప్పయితే ఇంత బాధ ఉండేది కాదు.

దెందులూరులో మా ఇంటిని మిలటరీ వాళ్ల ఇల్లంటారు. మా వైపు ఆ మాటకు విలువ ఎక్కువ. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపింది. అందుకే దాన్ని మిలటరీ మాధవరం అంటారు. అలాంటి ఊళ్ల మధ్య పెరిగి, సైన్యంలో చేరి, హవల్దారుగా రిటైరయ్యాను. దేశానికి పనిచేశాం కనుక మా బాగోగులు ప్రభుత్వమే చూస్తుందని గట్టిగా నమ్మాను. ఆ నమ్మకంలో నా వరకు అబద్ధం లేదు. 2003 ఏప్రిల్ 1న మొదలైన ఈసీహెచ్‌ఎస్ పథకంలో ఒకేసారి చందా కడితే నాకూ నా భార్యకూ జీవితాంతం వైద్యం అందుతుంది. ముందు పాలీక్లినిక్‌లో చూపించుకోవాలి. పెద్ద జబ్బయితే వాళ్లు రిఫరల్ రాసి, పథకంలో ఉన్న ఆస్పత్రికి పంపుతారు. నా భార్య కంటి ఆపరేషన్ అలాగే జరిగింది. మేం రూపాయి కట్టలేదు.

పిల్లల సంగతి వేరు. కొడుక్కి 25 ఏళ్లు నిండినా, అంతకుముందే పెళ్లయినా, సంపాదన మొదలైనా అర్హత పోతుంది. కూతురికి వయసు పరిమితి లేదు కానీ పెళ్లితోనో సంపాదనతోనో ఆగిపోతుంది. శాశ్వత వైకల్యం ఉన్న కొడుక్కి మాత్రం వయసు అడ్డు రాదు. ఇదంతా కార్డులు తీసుకున్న రోజునే చదివాను.

మావాడు డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో గ్రూప్స్‌కు చదువుతున్నాడు. జీతం లేదు కనుక ఈఎస్‌ఐ లేదు. ఆ సౌకర్యం నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్లది. మాకు రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు కూడా లేదు. వాడికి 22 ఏళ్లప్పుడు ఊళ్లో ఒక ఏజెంటు ఇంటికొచ్చి, “అబ్బాయి పేరున ఇప్పుడే ఒక పాలసీ తీసుకోండి బాబాయ్, వయసు తక్కువ కాబట్టి ప్రీమియం కూడా తక్కువే” అన్నాడు. మిలటరీ ఇంటికి పాలసీలు అమ్ముతావా అని కసిరి పంపేశాను. 25 నిండినప్పుడు నా భార్య గుర్తుచేసింది. “ఉద్యోగం వస్తే వాళ్లే ఇస్తారులే” అన్నాను. కుర్రాడు, ఒళ్లు గట్టిది, ఏమవుతుందిలే అనుకున్నాను.

అలాంటివాడికి పిత్తాశయంలో రాళ్లు వచ్చాయి. ఒక రాయి జారి క్లోమానికి వాపు తెచ్చింది. ఏలూరులో చూసి విజయవాడ తీసుకెళ్లమన్నారు. ఐసీయూలో ఉంచారు, వాపు తగ్గాక ఆపరేషన్ చేశారు. కొల్లేరు వైపు చేపల చెరువుకు ఇచ్చిన పొలం మీద రెండేళ్ల లీజు ముందే తీసుకుని ఆ బిల్లు కట్టాను. అది మా అమ్మాయి పెళ్లికి దాచిన ఆధారం. తన ముఖం చూడలేకపోయాను.

ఆ తర్వాత ఇంకా పెద్ద తప్పు చేయబోయాను. వాడికి పాలసీ తీసుకుంటూ, ఈ జబ్బు సంగతి ఫారంలో రాయొద్దన్నాను. “వద్దు నాన్నా, ఉన్నది ఉన్నట్టే రాద్దాం. రేపు దాచారని తేలితే క్లెయిమే కొట్టేస్తారు” అన్నాడు. యూనిఫాం వేసుకుని బతికిన నేను ఆ మాట వాడి చేత అనిపించుకున్నాను. నిజమే రాశాం. ఉన్న జబ్బులకు మూడేళ్లకు మించి వేచి ఉండమనకూడదని 2024 నుంచి నియమం. వాడి పాలసీలో ఆ గడువు ఇంకా నడుస్తోంది.

నా మూర్ఖత్వం ఏమిటో అప్పుడు బోధపడింది. వాడికి 22 ఏళ్లున్నప్పుడే పాలసీ తీసుకుని ఉంటే ఆ మూడేళ్లూ నా కార్డు కింద గడిచిపోయేవి. రాళ్ల ఆపరేషన్ల లాంటి వాటికి చాలా పాలసీలు పెట్టే రెండేళ్ల గడువూ తీరిపోయేది. కార్డు ఆగిన రోజు నుంచి పాలసీ పూర్తిగా అక్కరకొచ్చేది. అమెరికాలో సైనికుల పిల్లలకు ట్రైకేర్ అనే వైద్య పథకం 21 ఏళ్లకు, కాలేజీలో ఉంటే 23కు ఆగుతుంది. అక్కడ 2011 నుంచి పెళ్లికాని పిల్లలు సొంతంగా ప్రీమియం కట్టి 26 వరకు అదే వ్యవస్థలో కొనసాగే వీలుంది. చదువు ముగిసి ఉద్యోగం దొరికే లోపు పిల్లలు పడే ఇబ్బందిని గుర్తించారన్నమాట. మనకూ అలాంటిది కావాలని మా మాజీ సైనికుల సంఘంలో అడుగుతున్నాను. మా చేత అదనంగా చందా కట్టించుకున్నా సంతోషమే.

అది వచ్చేదాకా ఆగొద్దు. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. పింఛను కోసం బ్యాంకుకొచ్చే తోటివాళ్లను ముందు వాళ్ల పిల్లల వయసే అడుగుతున్నాను. ఇరవై రెండో ఇరవై మూడో అంటే, కార్డు పనిచేస్తుండగానే వాళ్ల పేరున పాలసీ తీసుకోమంటున్నాను. సైన్యంలో చేసిన సేవ నాది, దాని ఫలం నాకూ నా భార్యకూ అందుతోంది. ఎదిగిన బిడ్డకు కావాల్సింది వేరుగా సమకూర్చడం తండ్రిగా నా పని. ఆ పని నేను చేయలేదు.