నల్లమెట్లు అయిదు, తెల్లమెట్లు ఏడు

నేను హార్మోనియాన్ని. తెనాలిలో ఒక సంగీతం మాస్టారింట్లో ఉంటున్నాను. మా జాతి 1840ల్లో ప్యారిస్‌లో పుట్టింది. కలకత్తాలో చేత్తో తిత్తి ఆడించే పెట్టెగా మారి, నాటకాలవాళ్ల వెంట ఆంధ్రా ప్యారిస్ అనే మా తెనాలికి చేరింది. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు తెనాలి శ్రీరామ విలాస సభ నాటకాల్లో స్త్రీ పాత్రలకు ప్రాణం పోసిన కాలం మా పెద్దలది. నా వంతుకు రేపల్లె, బాపట్ల పక్క ఊళ్ల పందిళ్లు దక్కాయి.

పద్యం ఎత్తుకునే ముందు నటుణ్ణి మాస్టారు అడిగేది ఒక అంకె.

"శ్రుతి ఎంతండీ?"

"అయిదున్నర, మాస్టారూ."

తెల్లమెట్లకు ఒకటి నుంచి ఏడు దాకా నిండు అంకెలు, నల్లమెట్లకు సగాలు. నాలో మూడున్నర లేదు, ఏడున్నరా లేదు. ఆ రెండు చోట్లా నల్లమెట్టే లేదు మరి. పాఠానికి వచ్చే పిల్లలు "ఎందుకు లేదండీ?" అని అడిగిన రోజు మాస్టారి ముఖం వెలిగిపోతుంది. లెక్క మొదలయ్యేది అక్కడే.

ఒకటో మెట్టు స అనుకోండి. స, ప కదలవు. సకూ శుద్ధ మధ్యమానికీ నడుమ నాలుగు మెట్లున్నాయి. వాటిలో ఏవో రెండు తీసుకుని కిందిది రి, పైది గ అనాలి. "ఎన్ని జతలొస్తాయో నొక్కి చూడమ్మా" అంటారు మాస్టారు. ఆరు వస్తాయి. పకూ పై సకూ మధ్య కూడా నాలుగే మెట్లు కనుక ద, నిలకు మళ్లీ ఆరు. ఆరార్లు ముప్పై ఆరు. మధ్యమాలు రెండు, మొత్తం 72. పదిహేడో శతాబ్దంలో వేంకటమఖి 'చతుర్దండీ ప్రకాశిక'లో వేసిన మేళకర్తల లెక్క ఇదే.

ఈ వరుసలో ఏ రాగమైనా దాని పేరులోంచే దొరుకుతుంది. అక్షరాలకు అంకెలు కట్టే పద్ధతిలో, మాయామాళవగౌళలోని మ అంటే 5, య అంటే 1. తిరగేస్తే 15. అందులో ఒకటి తీసి ఆరుతో భాగిస్తే భాగఫలం 2, శేషం 2. అంటే రెండు వైపులా రెండేసి జతలు దాటి మూడోది పట్టాలి. అది ప్రతి వైపూ నడుమనున్న మెట్లలో మొదటిది, నాలుగోది. సరళీ స్వరాలు నేర్చిన ప్రతి బిడ్డ వేళ్లకూ ఆ నాలుగు మెట్లు తెలుసు. వాటి వెనక భాగహారం ఉందని మాత్రం ఎవరూ చెప్పరు.

పద్యంలోనూ ఇలాంటి లెక్క ఒకటి ఉంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఒక మాత్రను ఒక్క తీరున, రెండింటిని రెండు తీర్ల, మూడింటిని మూడు తీర్ల, నాలుగింటిని అయిదు తీర్ల నింపవచ్చు. ముందున్న రెండు అంకెలూ కలిపితే తర్వాతది వస్తుంది. హేమచంద్రుడు పన్నెండో శతాబ్దంలోనే చెప్పిన శ్రేణి ఇది. మన కందపద్యంలో గగ, భ, జ, స, నల అనే గణాలు సరిగ్గా ఆ అయిదే. ఇంత అందమైన సంగతి బడిలో లెక్కల అయ్యవారూ తెలుగు అయ్యవారూ కలిసి చెప్పాలని నా కోరిక. మాస్టారు ఇదే శ్రేణితో ఆదితాళంలోని ఎనిమిది అక్షరాలను మూడు, అయిదుగా విరిచి పిల్లల చేత స్వరాలు కట్టిస్తారు.

నాకు అన్నిటికన్నా ఇష్టం నల్లమెట్ల పాఠం. స్థాయికి ఉన్నవి అయిదే. నాలుగున్నర స అయితే మోహనం, అయిదున్నర స అయితే మధ్యమావతి, ఆరున్నర నుంచి హిందోళం, ఒకటిన్నర నుంచి శుద్ధ సావేరి, రెండున్నర నుంచి శుద్ధ ధన్యాసి. మెట్లు మారవు, మొదలు మారుతుంది. దీన్నే గ్రహభేదం అంటారు.

నా హద్దులు నాకున్నాయి. ప్రతి మెట్టు పౌనఃపున్యం కింది మెట్టుకు దాదాపు 1.0595 రెట్లు. పన్నెండు మెట్లెక్కితే రెట్టింపు. అందువల్ల నా పంచమం 1.498 దగ్గర ఆగుతుంది, తంబురాది 1.5. తోడి గాంధారానికి కావలసిన ఊగు నా రీడుకు రాదు, అది గొంతులోనే పలకాలి. అయినా ఈ మెట్ల లెక్క ఎంత దూరం పోతుందో చూడండి: మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పిన్న వయసులోనే 72 మేళాల్లోనూ కృతులు కట్టారు. ఆనక స, గ, ప, ని నాలుగింటితోనే 'మహతి' అనే రాగాన్ని సృష్టించారు. నా మెట్ల మీద అది ఒకటి, మూడు, అయిదు, ఆరున్నర.

మీ అటక మీద మా జాతి పెట్టె ఉంటే దించండి. రీడ్లు తుడిపించి, పిల్లల చేత ముందు నల్లమెట్లు నొక్కించండి. ఆరు జతల లెక్క వాళ్లనే తేల్చుకోనివ్వండి.