పోపు పెడితే మోగుతుందా?

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు కరెంటు పని చేసేవాళ్లలో గల్ఫు పోయొచ్చినవాళ్లు కనబడుతూనే ఉంటారు. అక్కడ అంతస్తులకు అంతస్తులు స్మోక్ డిటెక్టర్లు బిగించిన చేతులు ఇక్కడ బోరు మోటారు స్టార్టర్లు, పెళ్లిళ్లకు సీరియల్ బల్బులు కడుతుంటాయి. మా ఇంటి వైరింగు చేసినాయన అలాంటివాడే. సెంట్రింగు మీద పైపులు పరుస్తూ, "సార్, ఫ్యాన్ బాక్సులతో పాటు అలారాలకు గూడ బాక్సులు పెడదామా? స్లాబు పడ్డంక పగలగొట్టాల్నంటే మీకే పానం ఒప్పది" అన్నాడు.

అమ్మ కిందినుంచే అందుకుంది. "పొగొస్తే నా ముక్కుకు తెల్వదా? దానికో డబ్బ గావాల్నా?"

న్యాయమైన ప్రశ్నే. పొగ వస్తే వింతగా చూసే ఇళ్ల కోసం పుట్టిన పెట్టె ఇది. మా ఇంట్లో పొద్దున అగరుబత్తి, మధ్యాహ్నం ఎండుమిర్చి పోపు, శుక్రవారం సాంబ్రాణి, రాత్రి దోమల చుట్ట. అన్నిటికీ కూస్తే పెట్టెకే గొంతు పోతుంది.

అందుకే వంటింటికి పొగ అలారం కాకుండా వేడి అలారం పెడతారు. చాలావాటికి హద్దు 58 డిగ్రీల దగ్గర. మన మే నెల ఎండ కూడా దాన్ని కదిలించలేదు. రేకుల కప్పు కిందైతే నేను హామీ ఇవ్వను. స్కాట్లాండులో 2022 ఫిబ్రవరి నుంచి వంటింట్లో వేడిది, హాల్లో పొగది ప్రతి ఇంటా ఉండాలని నియమం. పైగా భజనలో ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకున్నట్టు, ఒకటి మోగితే అన్నీ మోగాలి. కరెంటు మీద నడిచేవాటికైతే ఫేజు, న్యూట్రల్ కాక ఇందుకోసం మూడో వైరొకటి లాగుతారు.

కరెంటు ఎక్కడినుంచి ఇవ్వాలన్నది ఇంకో తిరకాసు. విడిగా ఎంసీబీ ఇస్తే అది పడిపోయినా ఎవరికీ పట్టదు. లైట్ల లైనుకే కలిపితే, లైటు పోగానే ఇంట్లో కేకలు లేస్తాయి కాబట్టి వెంటనే తెలుస్తుందని పెద్దల లెక్క. ఆ పెద్దలు మన ఊళ్లో కాపురం చేయలేదు. ఇక్కడ లైటు పోతే ఎంసీబీ వంక ఎవరు చూస్తారు? వీధి వంక చూస్తారు. పక్కింట్లోనూ పోయిందా? పోయింది. హమ్మయ్య!

అందుకే లోపల బ్యాటరీ ఉంటుంది. అది నీరసపడితే, మార్చండి మహాప్రభో అని అలారం నిమిషానికోసారి 'కిచ్' మంటుంది. మొన్న హాల్లోది అలాగే అంది. బల్లి పలికిందని అమ్మ మంచం కోడు తట్టి "సత్యం, సత్యం" అనుకుంది. మేనత్త పంచాంగం తెరిచి, ఏ వారం ఏ దిక్కున పలికిందో చూసి, ధనలాభమని తేల్చింది. లాభం బ్యాటరీల కొట్టువాడికి.