కీవర్డుల బావగారు

కంచంలో గోంగూర పప్పు పడగానే లోకంలో ఎవరైనా ముద్ద కలుపుతారు. మా బావగారు కలపరు. ఒక్క క్షణం దానికేసి చూసి, "గోంగూర... వెతికేవాళ్ళు బాగానే ఉన్నారు, కానీ పోటీ విపరీతం" అంటారు. "ముందు నెయ్యి వేసుకోండి" అంటుంది అక్క. ఆయన నెయ్యి గిన్నెకేసి చూస్తారు. "ఒట్టి నెయ్యి అంటే లాభం లేదు. దేశవాళీ ఆవు నెయ్యి అనాలి. డబ్బంతా ఆ మాట మీదే ఉంది." ఈలోగా పప్పు చల్లారిపోతుంది.

ఈయన మా పిన్నికి ఒక్కగానొక్క అల్లుడు. ఇలాంటి మనిషి మీ ఇంట్లోనూ ఒకరుండే ఉంటారు. ఒకప్పుడు ఆ స్థానంలో హోమియోపతి మాత్రల డబ్బాతో తిరిగే బాబాయి ఉండేవాడు. తరవాత వాస్తు చూసి వంటింటి గోడ పడగొట్టించే మావయ్య వచ్చాడు. ఇప్పుడు వెబ్‌సైటుకి కీవర్డులు పెట్టే అల్లుడి వంతు. బాబాయి మాత్రలు తియ్యగా ఉండేవి, మావయ్యతో నష్టం గోడవరకే. ఈయన నోట్లో మాటకే ఎసరు పెడతారు.

జనం గూగుల్‌లో కొట్టి వెతికే మాటలే కీవర్డులు. వాటి మీద బావగారు అమీర్‌పేటలో 45 రోజుల కోర్సు చేశారు. అంతకు ముందు మనందరిలాగే మాట్లాడేవారు. బజ్జీ అంటే బజ్జీ, గొడుగంటే గొడుగు. కోర్సయ్యాక ప్రతి మాటనీ సంతలో ఎద్దుని చూసినట్టు నోరు తెరిపించి పళ్ళు లెక్కపెట్టడం మొదలైంది. నెలకి ఎంతమంది వెతుకుతున్నారు, ఎంతమంది ఎగబడుతున్నారు, ప్రకటన వేస్తే క్లిక్కుకి ఎంత. ఈ మూడూ తేలితే గానీ ఆయన దృష్టిలో అది మాట కాదు.

మా పెదనాన్న మనవడి బారసాలలో పేరు పెట్టే పని కూడా ఆయనే మీదేసుకున్నారు. "పోటీ లేని పేరు పెట్టాలి. రేపు గూగుల్‌లో కొడితే మనవాడొక్కడే రావాలి" అన్నారు. మూడు సంస్కృత ధాతువులనీ ఒక రష్యన్ తోకనీ కలిపి ఏదో పేరు తయారు చేశారు. పురోహితుడు బియ్యంలో రాయడానికి రెండు పళ్ళేలు కావలసి వచ్చాయి. పెదనాన్నకి అది నోరు తిరగక ఇప్పటికీ "ఒరేయ్ చంటీ" అనే పిలుస్తాడు. బావగారన్న మాట మాత్రం నిజమైంది. ఆ పేరుతో వెతికితే మొదట కనబడేది వాడే. కాకపోతే ఆ పేరుతో వెతికేవాళ్ళెవరూ లేరు.

అసలు కథ పిన్ని పచ్చళ్ళది. రాజమండ్రిలో ఆవిడ పాతికేళ్ళుగా పచ్చళ్ళు పెడుతోంది. మొదట బంధువులకి, తరవాత బంధువుల బంధువులకి, వాళ్ళు డాలస్‌కీ న్యూజెర్సీకీ వెళ్ళిపోయాక అక్కడికి. దీనికో వెబ్‌సైటు ఉండాలని అల్లుడుగారు సెలవిచ్చారు. అల్లుడు నోరు తెరిచి అడిగిందేమిటి, పాపం, బండా, బంగారమా? "అలాగే బాబూ" అంది పిన్ని.

వారం తిరిగేసరికి వెబ్‌సైటు సిద్ధం. ఆయన దాని లోపల, పేజీలో కనబడని చోట, మెటా కీవర్డులని ఒక జాబితా పెట్టారు. అందులో 300 మాటలు. ఆవకాయ, మాగాయ దగ్గర మొదలై హైదరాబాద్ బిర్యానీ, తిరుపతి దర్శనం టికెట్లు, పదో తరగతి ఫలితాలదాకా ఉన్నాయి. "పదో తరగతి ఫలితాలకీ మాగాయకీ ఏమిటి సంబంధం?" అన్నాను. "ఏప్రిల్, మే నెలల్లో రెండింటికీ గిరాకీ" అన్నారు.

1990ల మధ్యలో, గూగుల్ ఇంకా పుట్టకముందు, ఆల్టావిస్టా, ఇన్ఫోసీక్ లాంటి సెర్చ్ ఇంజన్లు అలాంటి జాబితాల్ని నిజంగానే నమ్మేవి. 'ఇచ్చట అన్ని రకములు లభించును' అన్న బోర్డు చూసి మనం కొట్లోకి వెళ్ళడం లాంటిదది. లోపల ఉండేవి రెండు రకాలే. మనలాగే వాటికీ జ్ఞానోదయమైంది. వెబ్ ఫలితాల వరసలో ఆ జాబితాను అసలు లెక్కలోకే తీసుకోవడం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులో బాహాటంగా చెప్పేసింది. ఈ సంగతి బావగారికి చెప్పాను. ఆయన జాలిగా నవ్వారు.

"గూగుల్ అలాగే అంటుందోయ్ బావమరిదీ. మీ పిన్ని వడ్డిస్తున్నప్పుడు నేను 'వద్దు, వద్దు' అనను? ఆవిడ ఆగుతుందా? వద్దన్నవాడికే ఇంకో గరిటె పడాలి."

అల్లుడు కాబట్టి ఆ గరిటె పడుతుంది. గూగుల్‌కి అల్లుడి వరస కుదరదని ఆయనకి చెప్పేవాడెవడు?

ఆ 300 మాటలూ అక్కడితో ఆగలేదు. పేజీ అడుగున తెల్లటి నేల మీద తెల్లటి అక్షరాలతో ఇంకోసారి పరిచారు. చదివేవాళ్ళకి కనబడవు, యంత్రానికి కనబడతాయని ఆయన లెక్క. యంత్రానికి కనబడేమాట నిజమే. అది మోసమని గూగుల్ పట్టుకుని వెనక్కి తోసేస్తుందన్నమాటా అంతే నిజం. పైన కనబడే అక్షరాల సంగతి ఇంకా ఘోరం. "మా రాజమండ్రి ఆవకాయ, రాజమండ్రిలో దొరికే ఆవకాయల్లో ఉత్తమ రాజమండ్రి ఆవకాయ. రాజమండ్రి ఆవకాయ కావాలంటే మా రాజమండ్రి ఆవకాయే తినండి." పిన్ని కళ్ళజోడు సర్దుకుని ఇది రెండుసార్లు చదివింది. "అల్లుడుగారూ, నాకు నత్తి లేదు కదా?" అంది మెల్లిగా.

రెండు నెలలు గడిచాయి. ఫోనులో వచ్చే ఆర్డర్లే తప్ప వెబ్‌సైటు ద్వారా ఒక్క సీసా కదల్లేదు. ఏ మాటని ఎంతమంది వెతుకుతారో చెప్పే గూగుల్‌వారి కీవర్డ్ ప్లానర్ తెరిచి బావగారు కూర్చున్నారు. ప్రకటనలకి డబ్బు పెట్టనివాళ్ళకి అది కచ్చితమైన అంకె చెప్పదు. నెలకి వెయ్యి నుంచి పదివేలు అంటుంది. పిన్ని ముక్కున వేలేసుకుంది. "పెళ్ళికి వచ్చేది వెయ్యిమందో పదివేలమందో అంటే వంటవాడు గాడిపొయ్యి ఎంత తవ్వుతాడయ్యా?" ప్లానర్ మీద ఇంతకన్నా మంచి విమర్శ నేనెక్కడా వినలేదు.

ఆ ప్లానర్‌లో మాటలన్నిటిలోకీ పెద్ద అంకె ఉన్నది ఆయన కంట పడింది. ఒకే ఒక్క మాట, పికిల్. "అమెరికా అంతా వెతుకుతున్నారు! మనకెందుకింక ఆవకాయ, మాగాయ అని విడివిడిగా?" గోదావరి పుష్కరాలు వచ్చినంత సంబరపడి, ఆ మాట మీద అమెరికాకి గురిపెట్టి ప్రకటనలు కొన్నారు. డబ్బు పిన్నిదే. జనం వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు. అమెరికాలో పికిల్ అంటే ఉప్పునీళ్ళలోనో వెనిగర్‌లోనో ఊరిన దోసకాయ. ఎర్రటి నూనెలో తేలుతున్న మామిడి ముక్కను చూసి వాళ్ళు ఏమనుకున్నారో పాపం. ఒకావిడ మాత్రం ఓపిగ్గా ఉత్తరం రాసింది, దోసకాయవి ఉన్నాయా అని. పిన్ని మొహం వెలిగిపోయింది. "ఎందుకు లేవూ, దోసావకాయ నిన్ననే కలిపాను!" ఇంకొకాయన బ్యాట్లూ బంతులూ ఎంతకిస్తారని అడిగాడు. 1965లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బైన్‌బ్రిడ్జ్ ద్వీపంలో పుట్టిన పికిల్‌బాల్ ఆట ఒకటుందని ఆ రోజే మా ఇంట్లో అందరికీ తెలిసింది.

నిజం చెప్పాలంటే బావగారు ఒక్క విషయంలో నాకన్నా తెలివైనవారు. తెలుగువాళ్ళలో చాలామంది తెలుగు మాటని కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారని ఆయన ముందే గ్రహించారు. తెలుగులో ఆవకాయకి ఒకటే రాత. ఇంగ్లీషు అక్షరాల్లోకి దింపితే ఇంటికో రకం. మొదట ఒక ఎ చాలునన్నవాళ్ళు, రెండుంటేనే దీర్ఘం పలుకుతుందనేవాళ్ళు, చివర ఐతో ఆపేసేవాళ్ళు, వై ఎ కూడా చేర్చేవాళ్ళు. ఆయన రాత్రంతా కూర్చుని 28 రకాలు రాశారు. తెల్లారి అక్క, "ఈ తేడాలు చాలామటుకు గూగులే సర్దుకుంటుందిగా?" అంది. ఆయన కాఫీ తాగకుండా పడుకున్నారు.

ఇంకోరోజు పిన్నికి పాఠం చెప్పబోయారు. 2002లో ఆండ్రై బ్రోడర్ అనే ఆయన వెతుకులాటల్ని మూడు రకాలుగా విడదీశాడు. ఏదో తెలుసుకోవాలని వెతికేవి, ఫలానా చోటికి చేరాలని వెతికేవి, కొనడంలాంటి పని జరగాలని వెతికేవి. మాట ఏదన్నది కాదు, దాని వెనక మనిషికేం కావాలో చూడాలన్నది సారాంశం. బావగారు దీన్ని గంటసేపు ఇంగ్లీషులో వివరించారు. పిన్ని మాగాయ ముక్కలు ఎండబెడుతూనే విన్నది.

"అంతే కదా బాబూ. ఆవపాలు ఎంతండీ అని అడగడానికి వస్తారు కొందరు. పచ్చళ్ళావిడ ఇల్లెక్కడని సందు మొదట్లో అడుగుతారు కొందరు. సీసా పట్టుకుని వస్తారు కొందరు. మొదటివాళ్ళకి మజ్జిగ, రెండోవాళ్ళకి దారి, మూడోవాళ్ళకి పచ్చడి."

నేను బావగారికేసి చూశాను. ఆయన ఫోను చూసుకుంటున్నారు.

పిన్ని వంటింట్లో గోడ క్యాలెండరు ఉంది. ఫోను చేసినవాళ్ళు ఏమడిగారో ఆ కాగితాల వెనక పెన్సిలుతో రాసుకోవడం ఆవిడ అలవాటు. ఒకసారి అక్క ఆ కాగితాలన్నీ దించి చదివింది. వెల్లుల్లి వెయ్యని ఆవకాయ. పిల్లలు తినే బెల్లం ఆవకాయ. బీపీ ఉన్నవాళ్ళకి ఉప్పు తక్కువ నిమ్మకాయ. విమానంలో నూనె కారకుండా ఎలా కట్టాలి. పెసరావకాయ ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది. అడిగినవాళ్ళ మాటలు అడిగినట్టే ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ వెతికేవాళ్ళు నెలకి గుప్పెడు మంది కూడా ఉండకపోవచ్చు. కానీ వాళ్ళు పర్సు తీసుకుని వస్తారు. రోజూ గూగుల్‌కి వచ్చే ప్రశ్నల్లో దాదాపు 15 శాతం అంతకు ముందెన్నడూ ఎవరూ అడగనివేనని ఆ సంస్థే చెబుతూ ఉంటుంది. అలాంటి మాటలు ఏ ప్లానర్‌లో దొరుకుతాయి? క్యాలెండరు వెనకే దొరకాలి.

అక్క ఒక్కో ప్రశ్నకి ఒక్కో పేజీ పెట్టింది. పిన్ని చెబుతుంటే ఆ మాటల్లోనే రాసింది. విమానం పేజీకి ఎక్కువమంది వచ్చారు. మూత కింద కవరు ముక్క వేసి బిగించడం, సీసాని చొక్కాలో చుట్టి పెట్టె మధ్యలో ఇరికించడం, చేతిసంచిలో పెట్టొద్దని బతిమాలడం, అన్నీ పిన్ని గొంతులోనే ఉంటాయి. అది చదివి వచ్చినవాళ్ళు రెండేసి కేజీలు తీసుకున్నారు.

బావగారు లెక్కలు చూసి పరమానందపడ్డారు. "లాంగ్ టెయిల్! గుప్పెడేసి మంది అడిగేవన్నీ కలిస్తే పెద్ద గిరాకీ అని క్రిస్ ఆండర్సన్ 2004లో వైర్డ్ పత్రికలో రాసిన మాట. ఈ ఉపాయం నా మనసులో మొదటినుంచీ ఉంది" అన్నారు. పిన్ని ఆయన కంచంలో ఇంకో పూతరేకు పెట్టింది. వద్దు వద్దంటూనే తిన్నారు.

ఈ ఏడు వెల్లుల్లి లేని ఆవకాయ జూన్ మొదటివారానికే అయిపోయింది. ఇదంతా పేజీ అడుగున తాను పరిచిన ఆ 300 మాటల మహిమేనని బావగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు. వాటిని అక్క కిందటి ఉగాదికే తుడిచేసింది. తెల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు కనక ఆయనకి ఇంతవరకూ తెలియదు. మీరెప్పుడైనా ఆయన పక్కన భోజనానికి కూర్చుంటే, దయచేసి మీరూ చెప్పకండి.